పక్కటెముకల మీద చెయ్యి

మా ఇంట్లో పశువులకి పేర్లు పెట్టరు. వాటిని కట్టే గుంజలకి నంబర్లుంటాయి. పాకలో ఆరు గుంజలు, వీధి వైపు నుంచి ఒకటి, రెండు, మూడు. ఒక దున్న వెళ్ళిపోయి దాని చోట్లోకి ఇంకొకటి వచ్చినా నంబరు మారదు. అందుకని నా డైరీలో మూడో గుంజ దున్న నాలుగేళ్ళుగా బతికే ఉంది. ఒక పేజీలో కుడితి బాగా తాగింది. ఇంకో పేజీలో బండెక్కి వెళ్ళిపోయింది. తర్వాతి పేజీలో ఎముకల గూడై వచ్చి నిలబడింది. మొదట్లో అలా రాస్తున్నప్పుడు ఏదో అనిపించేది. ఏమనిపించిందో ఆ పేజీల్లో లేదు. ఇప్పుడు తిరగేస్తే తవుడు, గడ్డి, నట్టల మందు, ఇవే కనిపిస్తాయి.

మాది బెజవాడకి పాతిక కిలోమీటర్ల దూరంలో, బందరు కాలువ పక్కన ఉన్న ఊరు. బక్కచిక్కిన దున్నపోతుల్ని సంతలో కొని, మూడు నెలలు మేపి, కండ పట్టాక కోతకి అమ్మడం నాన్న పని. ఆవుల జోలికీ పాలిచ్చే గేదెల జోలికీ పోము. పనికి రాని దున్నలు, వట్టిపోయిన గేదెలు మాత్రమే. పశువుల డాక్టరు చూసి కాగితం ఇస్తేనే బండి కదులుతుంది. మేం క్రైస్తవులం. ఆదివారం మధ్యాహ్నం మా పేటలో సగం ఇళ్ళలో పెద్దమాంసం ఉడుకుతుంది. అయినా ఊళ్ళో ఈ మేపే పని చేసేది మాత్రం మేమొక్కళ్ళమే.

మేపడమంటే ముందు పోసి తినమనడం కాదు. సంత నుంచి వచ్చిన దున్న ఏం పెట్టినా తింటుంది. అదే ప్రమాదం. మొదటి రోజే తవుడూ నూకలూ కడుపునిండా పెడితే లోపల పులిసి, తెల్లారేసరికి కాళ్ళు చాపుకుని పడి ఉంటుంది. అందుకని వారం రోజులు ఉత్త వరిగడ్డి, నీళ్ళు, కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు. ఆ తర్వాత కుడితిలో రెండు దోసిళ్ళ తవుడు. అది పడితే ఇంకొంచెం. మినుము నూర్చిన రోజుల్లో మినప పొట్టు, చలికాలంలో పిల్లిపెసర మేత, ఉయ్యూరు వైపు చెరకు కొట్టేటప్పుడు చెరకు ఆకు. చివరి నెలలో మొక్కజొన్న పిండి, కాసింత ఉప్పు.

ఆ చివరి నెలే కష్టం. మా దగ్గర కొనే ఆయనకి కొవ్వు అక్కర్లేదు, కండ కావాలి. ఆయన బెజవాడ పాతబస్తీ మనిషి. నాన్న, అమ్మ ఆయన్ని సాయిబు గారు అంటారు. నేను ఏమీ అనను, ఎందుకంటే ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. పన్నెండేళ్ళుగా ఆయన వస్తూనే "బాగున్నావా అమ్మా" అంటే తల ఊపి లోపలికి వెళ్ళిపోవడమే.

"పక్కటెముకలు కంటికి కనపడకూడదు, చేతికి తగలాలి" అనేవాడు నాన్న. కంటికి కనపడితే ఇంకా బక్కదే. చేతికి తగలకపోతే కొవ్వు పట్టేసిందని. ఆ రెండింటి నడుమ ఎనిమిది రోజులో పది రోజులో ఉంటాయి. ఆ రోజుల్ని పట్టుకోవడం నాన్న చేతి పని. దున్నకి ఎడం పక్కన నిలబడి, ఒక చెయ్యి వీపు మీద వేసి, రెండో అరచెయ్యి చివరి పక్కటెముకల మీద పరిచేవాడు. తర్వాత తుంటి ఎముక. తర్వాత తోక మొదలు. చూపు మాత్రం దున్న మీద ఉండేది కాదు. ఎటో కాలువ వైపు చూస్తూ నిలబడేవాడు. చివర్లో ఒక మాట. అయింది. లేకపోతే, కాలేదు.

సాయిబు గారు ఆ మాట మీదే కొనేవారు. కాటా వేసింది లేదు, దున్నని తిప్పి తిప్పి చూసింది లేదు. మిగతా ఊళ్ళలో మేపేవాళ్ళు దళారుల చుట్టూ తిరుగుతుంటే, మా పాక ముందుకి బండి దానంతటది వచ్చి ఆగేది. నాన్న చేతికి కళ్ళున్నాయని ఊళ్ళో అనేవాళ్ళు.

నాన్నకి షుగరు చాలా ఏళ్ళ నుంచి ఉంది. ముందు పాదాలు పోయాయి. అంటే, ఉన్నాయి, కానీ వాటి కబురు ఆయనకి చేరదు. ఒకసారి చర్చి నుంచి ఒక చెప్పుతో నడిచి వచ్చేశాడు. రెండోది దార్లో ఎక్కడో జారిపోయింది. అమ్మ వెనక్కి వెళ్ళి వెతికి తెచ్చి, "ఆ రెండోది కూడా వదిలేసి రావాల్సింది, ఎవరికన్నా పనికొచ్చేవి" అంది. ఆయనా నవ్వాడు.

చేతుల సంగతి ఎవరికీ చెప్పలేదు. గంజి కాచే తపేలాని గుడ్డ లేకుండా పొయ్యి మీంచి దించడం ఒకరోజు నేను చూశాను. దించి, నింపాదిగా కింద పెట్టి, ఆ చేతులతోనే తువ్వాలు దులుపుకున్నాడు. సాయంత్రానికి కుడిచేతి రెండు వేళ్ళకి బొబ్బలు వచ్చాయి. "ఏం లేదులే" అన్నాడు. నిజంగానే ఆయనకి ఏమీ లేదు. అదే కదా. నేను డైరీలో "నాన్న వేళ్ళు కాలాయి" అని రాసి, కింద పిల్లిపెసర ఎన్ని మోపులు వచ్చిందో రాశాను.

ఆ వానాకాలం గడ్డి చాలక కాలువ గట్టు మీది పచ్చిక కోసి వేశాం. ఆ పచ్చికకి నత్తలుంటాయి. నత్తల వల్ల పశువు కార్జంలో జలగలు పడతాయి. ఇవన్నీ తర్వాత తెలిసినవి కావు, ముందే తెలుసు. ఏటా మందు పోస్తాం. ఆ ఏడు కూడా పోశాం, కాకపోతే పోశాక కూడా పచ్చిక కోస్తూనే ఉన్నాం. నాలుగో గుంజ దున్న వెంట్రుకలు పెళుసుగా, మెరుపు లేకుండా ఉండేవి. మేత మాత్రం తినేది. మూడు నెలలు నిండిన రోజున సాయిబు గారి ఎదుట నాన్న దాని మీద చెయ్యి వేసి, కాలువ వైపు చూసి, అయింది అన్నాడు.

రెండు రోజుల తర్వాత ఆయన బండి లేకుండా స్కూటరు మీద వచ్చారు. హ్యాండిలుకి ఒక నల్ల కవరు వేలాడుతోంది. నేను కిటికీ లోపల కూర్చుని పుస్తకం చదువుకుంటున్నాను. ఆయన ఆ కవరు విప్పి, లోపలిది కుళాయి పక్కన బండ మీద పెట్టారు. కార్జం ముక్క. గట్టిగా, తెల్లటి చారలతో. ఒక చారని గోటితో నొక్కితే చింతాకంత జలగ జారి బండ మీదికి వచ్చింది.

"కండ కాదన్నా," అన్నారాయన. "నీరు. కోస్తే కారింది."

నాన్న బండ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"పన్నెండేళ్ళలో నీ చెయ్యి తప్పలేదు. మనిషన్నాక తప్పుద్ది, నేనేం అనను. నా దగ్గర కొనేవాడు మాత్రం అంటాడు. ఇంకోసారి ఇట్టా అయితే నేను గుడివాడ వైపు మేపేవాళ్ళని చూసుకోవాలి. నన్ను తప్పుగా అనుకోవద్దు."

"అనుకోను" అన్నాడు నాన్న.

ఆయన టీ తాగకుండా వెళ్ళారు. అది మొదటిసారి. ఆయన రాకపోతే మా పాకలో ఆరు గుంజలే మిగులుతాయని మా ముగ్గురికీ తెలుసు. దళారీ చేతికి ఇవ్వడమంటే, దున్న సిద్ధంగా ఉన్నా లేకపోయినా వాడు వచ్చిన రోజున వాడు చెప్పినట్టు తోలెయ్యడమే. అమ్మ బండ మీద నీళ్ళు పోసి చీపురుతో రెండుసార్లు కడిగింది.

మర్నాడు పొద్దున్నే నాన్న పాకలోంచి పిలిచాడు. "అమ్మడూ, ఇటు రా."

వెళ్ళాను. మొదటి గుంజ దగ్గర ఉన్నాడు.

"చెయ్యి ఇక్కడ పెట్టు. ఆఁ, అక్కడే. ఏం తగుల్తంది?"

"ఎముక."

"ఎట్టాంటి ఎముక?"

నాకు చెప్పడం రాలేదు. అప్పుడాయన నా ఎడంచెయ్యి పట్టుకుని పిడికిలి బిగించమన్నాడు. "ఆ కణుపుల మీద రాసుకో. అట్టా తగిల్తే బక్కది. ఇప్పుడు వేళ్ళు చాపు. చెయ్యి వెనక రాసుకో, నరాల మీద. ఎముక ఉందని తెలుస్తంది, పైకి లెగదు. అది అయినట్టు. ఇప్పుడు అరచెయ్యి తిప్పు, బొటనేలి కింద మెత్తగా ఉందే, అది కొవ్వు. మూడే. బళ్ళో ఇంతకన్నా ఎక్కువ నేర్పారు గదా నీకు."

"నీరెట్టా తెలుస్తుంది?"

ఆయన దున్న ముందుకాళ్ళ వైపు జరిగాడు. తర్వాత, "రొమ్ము కింద బొటనేలితో నొక్కి పది లెక్కపెట్టు. తీశాక గుంట అట్టాగే నిలబడితే నీరు. కండ అయితే వెంటనే పైకొస్తది" అన్నాడు. తర్వాత తన చేతుల్ని చూసుకోకుండా, తువ్వాలులో చుట్టుకుంటూ, "గ్లౌజులు తొడుక్కుని ముట్టుకున్నట్టుంటది అమ్మడూ. ఏడాది పైనే అయింది. మీ అమ్మకి చెప్పమాక" అన్నాడు.

చెప్పాల్సిన పని లేకపోయింది. రెండు రోజుల తర్వాత నేను పాకలోంచి వచ్చి చేతులు కడుక్కుంటుంటే అమ్మ సబ్బు అందిస్తూ, "చేతికున్న కళ్ళకి శుక్లాలొచ్చినయ్యా?" అంది. నేను సబ్బు రుద్దుకుంటూనే ఉన్నాను. "నాకు చెప్పొద్దన్నాడా?" ఊఁ అన్నాను. "సరే, అయితే నాకు తెలీదు" అని లోపలికి వెళ్ళిపోయింది.

అలా నా పొద్దులు మారాయి. అయిదున్నరకి పాక. ఒక్కో గుంజ దగ్గర పక్కటెముకలు, తుంటి, తోక మొదలు, రొమ్ము. తర్వాత స్నానం. ఎనిమిదింటి బస్సు. నేను గవర్నర్‌పేటలో ఒక మందుల హోల్‌సేల్ షాపులో కంప్యూటర్ మీద బిల్లులు కొడతాను. అక్కడ నా పక్క సీటు అక్కకి నా మీద జాలి. ఎవరితోనూ మాట్లాడనని, మధ్యాహ్నం క్యారేజీ విప్పకముందే పుస్తకం విప్పుతానని.

"మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని ఒకసారి అడిగింది.

"పశువులు పెంచుతారండి."

"పాలా? మంచి వ్యాపారం కదా. మా వీధిలో ఒక్కరూ మంచి పాలు పొయ్యరు. తెచ్చిపెట్టకూడదూ ఒక లీటరు?"

"అన్నీ ఖాతాలకే సరిపోతాయండి" అన్నాను. అబద్ధం అంత నున్నగా ఎలా వచ్చిందో తెలియదు. నా క్యారేజీలో ఆ రోజు వంకాయ కూర. ఆదివారం మిగిలిన కూర ఉన్నా సోమవారం అది తీసుకెళ్ళను. బిల్లులు ప్రింటయ్యేటప్పుడు ఖాళీ దొరికితే బల్ల కింద ఎడంచేతి పిడికిలి బిగించి, కుడి అరచేత్తో రాసుకునేదాన్ని. వేళ్ళు చాపి, మళ్ళీ. దున్న గుర్తొచ్చేది కాదు. చెయ్యి మాత్రమే గుర్తొచ్చేది.

సాయిబు గారు వచ్చే రోజు ముందుగా ఫోన్ చేసేవారు. ఆ పొద్దున నేను చూసి చెప్పినవి నాన్న నా చేత రెండుసార్లు అనిపించుకునేవాడు. మూడోది అయింది. ఐదోది పది రోజులు. ఒకటి, రెండు కాలేదు. ఆయన వచ్చాక నాన్న ఒక్కోదాని పక్కన పాత పద్ధతిలోనే నిలబడి, చెయ్యి వేసి, కాలువ వైపు చూసి ఆ మాటలు అనేవాడు. నేను షాపుకి సెలవు పెట్టి, కిటికీ లోపల పుస్తకం ముందు కూర్చుని నా మాటలు ఆయన గొంతుతో వినేదాన్ని. మొదటి లోడు వెళ్ళింది. కబురు లేదు. కబురు లేకపోవడమే మంచి కబురు. రెండో లోడు వెళ్ళింది. ఆ తర్వాత వచ్చినప్పుడు సాయిబు గారు టీ అడిగి మరీ తాగి, "చెయ్యి మళ్ళీ దార్లో పడిందన్నా" అన్నారు.

"పడింది" అన్నాడు నాన్న.

ఆ రోజు డైరీలో రెండు లైన్లున్నాయి. వాటిలో ఒకటి వాన గురించి.

ఆ తర్వాత ఒక ఆదివారం. చర్చి నుంచి వచ్చాం. నాన్న ఇంకా తెల్లచొక్కాలోనే ఉన్నాడు. ఆదివారాలు మేము మేత వేయడం తప్ప పాకలో ఇంకే పనీ చేయము, దున్నల మీద చెయ్యి వేయము. సాయిబు గారికీ అది తెలుసు. అందుకే బండి చప్పుడు విని ముగ్గురం బయటికి చూశాం. ఫోన్ చేయలేదు. బండిలో ఒకే ఒక దున్న ఉంది. మాది కాదు. ఆయనే తాడు పట్టుకుని దించారు.

"పామర్రు దగ్గర ఒకాయన మేపాడన్నా. రేప్పొద్దునకి నాకొక ఆర్డరుంది. అయిందని ఒకటే గోల. చూట్టానికి బాగానే ఉంది, నాకే నమ్మకం కుదర్లా. వాళ్ళ మాట మీద నేను తీసుకోలేను, నీ మాట మీద తీసుకుంటా. ఒక్కసారి చెయ్యి వెయ్యి, పోతాను."

"ఆదివారం గదా" అన్నాడు నాన్న.

"దేవుడికి నేను చెప్పుకుంటాలే. ఒక్క నిమిషం."

నేను వసారా మెట్టు మీద కూర్చుని ఉన్నాను. ఈ దున్న మీద నేను చెయ్యి వేయలేదు. నాన్న దగ్గర నా మాటలు ఏవీ లేవు.

ఆయన ఎడం పక్కకి వెళ్ళాడు. ఒక చెయ్యి వీపు మీద, రెండోది పక్కటెముకల మీద. ఎప్పటికన్నా గట్టిగా అదుముతున్నాడు, చొక్కా చేతుల దగ్గర ముడతలు పడ్డాయి. తుంటికి వచ్చాడు. మళ్ళీ పక్కటెముకల దగ్గరికి వెళ్ళాడు. ఎప్పుడూ వెనక్కి వెళ్ళడు. దున్న ఒంటి మీద ఎక్కడా ఎముక కనిపించడం లేదు. తల వంచి మేయనివ్వకుండా గాడి దగ్గర నిలబెట్టి మేపినది కాబట్టి దవడ కింద కూడా నీరు దిగలేదు. కానీ వెంట్రుకలు. మెట్టు మీది నుంచే కనిపిస్తున్నాయి. పెళుసుగా, మెరుపు లేకుండా, నాలుగో గుంజ దానిలాగే.

నాన్న కాలువ వైపు చూడలేదు. నా వైపు చూశాడు. ఒక్క క్షణమే, మళ్ళీ దున్న వైపు తిరిగాడు. నోరు తెరిచాడు. ఆయన ఏం అనబోతున్నాడో నాకు తెలిసింది. దేని మీద ఆధారపడి అనబోతున్నాడో కూడా తెలిసింది, దేని మీదా కాదు.

లేచి మెట్లు దిగాను. ధైర్యమేమీ రాలేదు. కాళ్ళు వెళ్ళాయి, నేను వాటితో వెళ్ళాను. నాన్న పక్కన నిలబడి ఆ అరచెయ్యి కిందుగా నా అరచెయ్యి పరిచాను. మెత్తగా ఉంది. బొటనవేలి కింది మెత్తన కాదు, చల్లటి మెత్తన. వంగి రొమ్ము కింద బొటనవేలితో నొక్కి పది లెక్కపెట్టాను. తీశాను. గుంట నిలబడింది. అందులో నా గోటి గీత కూడా కనిపిస్తోంది.

"నీరండి" అన్నాను. వినపడినట్టు లేదు. సాయిబు గారు నా మొహం వైపే చూస్తున్నారు.

"నీరండి. కండ కాదు."

ఆయన వంగి ఆ గుంట చూశారు. పక్కనే తన వేలితో ఇంకో గుంట చేసి, అది కూడా నిలబడేదాకా చూశారు. లేచి, తాడు చేతిలో అలాగే ఉంచుకుని నా చెయ్యి చూశారు. తర్వాత దున్న మీద ఇంకా అలాగే ఉన్న నాన్న చెయ్యి చూశారు. వేళ్ళ మీద పాత బొబ్బల మచ్చలు, ఈ మధ్య పడిన ఇంకో మచ్చ.

"ఎన్నాళ్ళయిందన్నా?"

"ఏడాదిన్నర."

"కార్జం తెచ్చిన రోజు?"

"అప్పటికే."

"మరి మొన్న రెండు లోడ్లు?"

నాన్న గడ్డంతో నన్ను చూపించాడు.

దున్న తోక ఊపింది. వంటింటి గుమ్మంలోంచి అమ్మ, "టీ పెట్టమంటారా సాయిబు గారూ?" అంది. "పెట్టండమ్మా" అన్నారాయన. తర్వాత నాన్నతో, కోపంగా కాదు, "చెప్పొచ్చుగా అన్నా" అన్నారు.

"చెప్తే?"

"ఏముందీ, అమ్మాయిని పిలిచేవాణ్ణి."

"అందుకే చెప్పలా" అన్నాడు నాన్న.

దున్న మీద నుంచి చెయ్యి అప్పుడు తీశాడు. కుళాయి దగ్గరికి వెళ్ళి సబ్బుతో చాలాసేపు కడుక్కున్నాడు. టీ వచ్చాక గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని, వేడి ఎంతుందో పెదవితో చూసుకుని తాగాడు. సాయిబు గారు ఆ దున్నకి ఏ మందు పోయించాలో పామర్రు ఆయనకి ఫోన్లో చెబుతూ బండెక్కించుకుని వెళ్ళిపోయారు. ఎక్కే ముందు "వస్తానమ్మా" అన్నారు. నేను తల ఊపాను.

ఆయన గుడివాడ వైపు వెళ్ళలేదు. పాకలో దున్నలు ఉన్నాయి, బండి వస్తోంది. నాకు కావాల్సింది అదే. జరిగింది అదే. ఇప్పుడు ఫోన్ వచ్చినప్పుడు "అమ్మాయికి సెలవెప్పుడన్నా?" అని అడుగుతున్నారు. నేను దున్నల మీద చెయ్యి వేస్తాను. నాన్న తాడు పట్టుకుంటాడు. నేను అయింది అంటాను, ఆయన గుంజకి కట్టిన ముడి విప్పుతాడు. వేళ్ళకి తెలియదు కాబట్టి కళ్ళతో చూసుకుంటూ విప్పాలి. చాలాసేపు పడుతుంది. ఎవరూ సాయం చేయరు. ఆ కాసేపూ సాయిబు గారు కాలువ వైపు చూస్తూ నిలబడతారు.

నెలన్నర అలా గడిచింది. పొద్దున పాకలోకి నాన్న రావడం మానేశాడు. వసారాలో కూర్చుని గడ్డి తాడు పేనుతున్నట్టు ఉండేవాడు, పేనడం కుదరదని ఆయనకీ తెలుసు. నేను పాకలోంచి వస్తూ మూడోది కాలేదనో, ఆరోది అయిందనో చెప్పేదాన్ని. ఊఁ అనేవాడు. డైరీలో కూడా అంతే రాసేదాన్ని. షాపులో పక్క సీటు అక్క, ఈ మధ్య ఇంకా మాట్లాడడం లేదేంటి అంది. అలాగే ఉన్నానండి అన్నాను.

పోయిన వారం ఒక పొద్దున్న, "మూడోది అయిందనుకుంటా" అని చెప్పి చేతులు కడుక్కుంటున్నాను.

"ఎట్టా ఉంది?" అన్నాడు నాన్న.

"అయింది."

"అది కాదమ్మడూ. ఎట్టా తగిలింది? చెప్పు."

మొదటి రోజులాగే ఏం చెప్పాలో తెలియలేదు. ఇన్ని పుస్తకాలు చదివాను. తడిచేతులతో అక్కడే నిలబడి, మళ్ళీ పాకలోకి వెళ్ళాను. మూడో గుంజ దున్న గడ్డి నములుతూ నా వైపు తల తిప్పింది. దాని పక్కటెముకల మీద అరచెయ్యి పరిచి, కళ్ళు మూసుకుని, ఊపిరితో అవి పైకి రావడం, లోపలికి పోవడం చూశాను. నాలుగేళ్ళలో మొదటిసారి అనుకుంటాను, ఒక దున్న దగ్గర అంతసేపు నిలబడడం. తిరిగి వచ్చి మళ్ళీ చేతులు కడుక్కున్నాను.

"నులక మంచం మీద బొంత పరిచి, పైనుంచి చెయ్యి వేస్తే నులక తగుల్తుంది చూడు. అట్టా ఉంది నాన్నా."

ఆయన తల ఎత్తాడు. "ఒక బొంతా, రెండు బొంతలా?"

ఆలోచించాను. "ఒకటిన్నర."

"చివరి ఎముక దగ్గర కూడానా?"

"అక్కడ పల్చగా ఉంది. ఒకటే."

నాన్న తన రెండు చేతుల్నీ మోకాళ్ళ మీద బోర్లా పెట్టుకుని, కాలువ వైపు చూశాడు. నేను తుడుచుకోకుండా నిలబడ్డాను. వేళ్ళ చివరల నుంచి నీళ్ళు మెట్టు మీద పడుతున్నాయి.

"కాలేదు" అన్నాడు. "నాలుగు రోజులాగు. మొక్కజొన్న పెంచమాక, ఉన్నదే వెయ్యి."

నాలుగో రోజు పొద్దున చూశాను. చివరి ఎముక దగ్గర కూడా ఒకటిన్నర ఉంది. అదే చెప్పాను. "ఇప్పుడయింది" అన్నాడు. ఆ రోజు డైరీలో మేత తర్వాత కొంచెం ఖాళీ మిగిలితే, బొంత గురించి రాశాను.